ఫిజీలో ‘ఫిజియన్’ అంటే ఎవరు?

ఫిజీ చరిత్రలో మే 14 మూడుసార్లు వస్తుంది. 1879లో ఆ రోజున లియోనిడాస్ అనే ఓడ కలకత్తా నుంచి 463 మంది కూలీలతో లెవూకా రేవుకు చేరింది. 1987లో అదే రోజున ముసుగులు వేసుకున్న సైనికులు పార్లమెంటులోకి చొరబడి, నెల రోజుల కిందటే గద్దెనెక్కిన ప్రభుత్వాన్ని పడగొట్టారు. వాళ్లను నడిపించినవాడు లెఫ్టినెంట్ కర్నల్ సితివేని రబుకా. 2023లో మళ్లీ అదే రోజున, అదే రబుకా, ఈసారి దేశ ప్రధానిగా ఒక ప్రార్థన సభలో నిలబడి, ఆ పని తప్పని ఒప్పుకుని భారతీయ మూలాలవారిని క్షమించమని అడిగాడు.

ఈ మూడు తేదీలను పక్కపక్కన పెడితే కథ తేలిగ్గానే అర్థమైనట్టుంటుంది. బయటివాళ్లు వచ్చారు, లోపలివాళ్లకి మండింది, చివరికి రాజీ పడ్డారు. కానీ ఆ లెక్కలో కొన్ని ఇమడవు. 1987లో పదవి పోగొట్టుకున్న ప్రధాని మూలవాసే. 2006లో ప్రభుత్వాన్ని కూల్చినవాడూ, కూలినవాడూ ఇద్దరూ మూలవాసులే. కుట్ర చేసిన రబుకాతో పదేళ్లకే కూర్చుని కొత్త రాజ్యాంగానికి బాట వేసిన ప్రతిపక్ష నాయకుడి ఇంటిపేరు రెడ్డి. జాతి వైరం అన్న ఒక్క మాటతో ఇవేవీ తేలవు. ఇది మూడు పోగులు చిక్కుపడ్డ ముడి: నేల, ఓటు, పేరు.

ఎవరెవరు, ఏ పేర్లతో

దక్షిణ పసిఫిక్‌లో 300కు పైగా దీవులు కలిస్తే ఫిజీ. జనాభా సుమారు 9 లక్షలు, అంటే మనవైపు ఒక మోస్తరు నగరమంత. వీటిలో పెద్దవి రెండు, వీతి లెవు, వనువా లెవు. రాజధాని సువా వీతి లెవులోనే ఉంది.

ఇక్కడి మూలవాసులను ఇప్పుడు ‘ఇతౌకేయి’ అంటారు. ఆ మాటకు అర్థం యజమానులు, సొంతదారులు. చెరకు తోటలకి వచ్చిన భారతీయ కూలీల వారసులు ఇండో–ఫిజియన్లు. ఉత్తరాన దూరంగా ఉన్న రొటూమా దీవిని బ్రిటన్ 1881లో ఫిజీకి కలిపింది. అక్కడివాళ్ల భాష వేరు, ఆచారాలు వేరు. ఫాస్ఫేటు గనుల కోసం సొంత దీవిని తవ్వి పాడుచేస్తే 1945లో రంబీ అనే దీవికి తరలివచ్చిన బనాబన్లు ఉన్నారు. సాలమన్ దీవుల నుంచి తెచ్చిన కూలీల వారసులు, చైనీయులు, యూరోపియన్లు, మిశ్రమ సంతతివాళ్లు కూడా ఉన్నారు. మూలవాసుల గడిలోనూ భారతీయుల గడిలోనూ పట్టని వాళ్లలో ఎక్కువమందిని ఎన్నికల జాబితాల్లో ‘జనరల్’ అనే ఒకే సంచిలో వేశారు. ఫిజీ అంటే రెండు జాతులే అనుకోవడానికి ఆ సంచి కూడా ఒక కారణం.

అన్నట్టు, ఫిజీ పేర్లు రాసేది ఒకలా, పలికేది ఒకలా. అక్కడి రాతలో ‘బ’ అక్షరాన్ని ‘ంబ’ అని, ‘డ’ అక్షరాన్ని ‘ండ’ అని పలుకుతారు. కాబట్టి మన పత్రికలు రబుకా అని రాసే పేరు వాళ్ల నోట రంబూకా. విమానాశ్రయం ఉన్న ఊరి పేరు నాండీ.

ఒకే నేల మీద రెండు మాటలు

1874 అక్టోబర్ 10న సేరు థాకొంబావు, మరికొందరు పెద్ద దొరలు (అంటే మూలవాసుల తెగపెద్దలు) ఫిజీని బ్రిటన్‌కు అప్పగిస్తూ సంతకాలు చేశారు. మరుసటి ఏడాదే తట్టు వ్యాధి దీవులను ఊడ్చేసింది. సుమారు 40 వేల మంది, అంటే జనాభాలో నాలుగో వంతో అంతకన్నా ఎక్కువో, చనిపోయారు. ఈ చావుల మధ్యనే వచ్చాడు మొదటి గవర్నరు ఆర్థర్ గార్డన్.

గార్డన్ తీసుకున్న నిర్ణయాలు మూడు. మూలవాసుల భూమిని అమ్మకూడదు. మూలవాసులను తోటల్లో కూలీలుగా వాడుకోకూడదు, వాళ్లు తమ ఊళ్లలో తమ దొరల కిందే ఉండాలి. మూడోది దొరల మహాసభ, అది 1876లో ఏర్పడింది. మరి వలస ప్రభుత్వం నడవడానికి డబ్బెలా? చెరకు వేయాలి. చెరకు నరికేదెవరు? గార్డన్ అంతకుముందు ట్రినిడాడ్‌లో, మారిషస్‌లో గవర్నరుగా చేశాడు. ఆ రెండు చోట్లా భారతీయ కూలీలతో తోటలు నడవడం కళ్లారా చూశాడు. ఒకరిని కాపాడడానికి ఇంకొకరిని తెచ్చే ఏర్పాటు అలా మొదలైంది.

ఇక్కడే ముడి పడింది. అప్పగింత పత్రంతో తమ నేలకూ తమ ప్రయోజనాలకూ అగ్రస్థానం దక్కిందని మూలవాసులు నమ్మారు. పత్రంలో ఆ మాట నేరుగా లేకపోయినా, గార్డన్ పాలసీ మొత్తం అదే అర్థం ఇచ్చింది. మరోవైపు 1875లో లండన్‌లోని భారత వ్యవహారాల మంత్రి సాలిస్‌బరీ ఒక లేఖ రాశాడు. వలస దేశాలకు వెళ్లిన భారతీయులు ఒప్పందం గడువు తీరాక అక్కడ స్వేచ్ఛాజీవులుగా, మిగతా ఏ వర్గానికీ తీసిపోని హక్కులతో బతకాలని దాని సారాంశం. తర్వాతి తరాల్లో ఫిజీ భారతీయ నాయకులు ప్రతి వేదిక మీదా ఈ లేఖనే ఎత్తిచూపారు. ఎవరి చేతిలో కాగితం వాళ్లకుంది. రెండింటి మీదా ఉన్నది ఒకే సామ్రాజ్యం ముద్ర.

గిర్మిట్, అందులో మనవాళ్లు

కూలీ వేలిముద్ర వేసింది ‘అగ్రిమెంట్’ మీద. నోరు తిరగక అది గిర్మిట్ అయింది, వేసినవాళ్లు గిర్మిటియాలయ్యారు. అయిదేళ్లు పని చేయాలి. ఆ తర్వాత సొంత ఖర్చుతో వెళ్లిపోవచ్చు. ఇంకో అయిదేళ్లుంటే తిరుగు ప్రయాణం ఉచితం. 1879 నుంచి 1916 దాకా 60 వేల పైచిలుకు మంది వచ్చారు. మిగిలిన ఒప్పందాలన్నీ 1920 జనవరి 1న రద్దయ్యాయి. చాలామంది అక్కడే ఉండిపోయారు.

మొదట్లో ఓడలన్నీ కలకత్తా నుంచే. 1903 నుంచి మద్రాసు రేవు కూడా తెరుచుకుంది. అక్కడినుంచి వెళ్లిన సుమారు 15 వేల మందిలో ఉత్తర ఆర్కాటు తమిళులతో పాటు విశాఖపట్నం, గోదావరి, కృష్ణా జిల్లాల తెలుగువాళ్లూ ఉన్నారు. అప్పటికే తోటల్లో భోజ్‌పురి, అవధి కలిసి ఒక కొత్త హిందీ పుట్టేసింది. మేస్త్రీతో మాట్లాడాలన్నా, దుకాణంలో ఉప్పు కొనాలన్నా అదే భాష. మద్రాసు ఓడల్లో వచ్చినవాళ్లందరినీ ఉత్తరాదివాళ్లు కలిపి ‘మద్రాసీ’ అన్నారు. ఆ చిన్నచూపుకు జవాబుగా 1926లో నాండీలో దక్షిణాదివాళ్ల సంగం పుట్టింది, బడులు కట్టింది. అందులో తమిళానిదే పైచేయి అవుతోందని తెలుగువాళ్లు 1941లో ఆంధ్ర సంగం వేరుగా పెట్టుకున్నారు. ‘భారతీయులు’ అని బయటివాళ్లు ఒకే ముద్దగా చూసినవాళ్ల లోపల కూడా ఇన్ని గీతలున్నాయి. ఇప్పుడక్కడ రెడ్డి, నాయుడు అన్న పేర్లు బాగానే మిగిలాయి, తెలుగు మాట మాత్రం చాలా ఇళ్లలో పోయింది.

కొనలేని నేల, ముప్పై ఏళ్ల కౌలు

గిర్మిట్ తీరాక కూలీ రైతయ్యాడు. కానీ భూమి కొనలేడు, ఎందుకంటే ఆ దేశంలో 80 శాతానికి పైగా నేల మూలవాసులది, అది అమ్మకానికి రాదు. ఇప్పుడు ఆ వాటా 87 శాతం దాకా ఉంది. పట్టా ఒక్కడి పేరున ఉండదు. వంశశాఖ పేరున ఉంటుంది, దాన్ని మతంగాలి అంటారు. నిజానికి పాతకాలంలో ప్రతి దీవిలోనూ భూమి ఇలాగే మతంగాలి చేతిలో లేదనీ, రికార్డులు రాసుకునే సౌలభ్యం కోసం వలస అధికారులే అంతటా ఒకే పద్ధతి అతికించారనీ కొందరు చరిత్రకారులు అంటారు. ఎలా మొదలైనా ఈరోజు అది నిఖార్సైన ఆచారంగానే నిలబడింది.

1940లో రాతు సుకునా అనే దొర చొరవతో మూలవాసుల భూముల బోర్డు వచ్చింది. మతంగాలి తరఫున కౌలుకిచ్చేది బోర్డే. 1976లో సవరించిన చట్టం ప్రకారం సాగు కౌలు కనీసం 30 ఏళ్లు. ఏటి కౌలు, ఎలాంటి అభివృద్ధీ లేని ఖాళీ నేల విలువలో 6 శాతం దాటకూడదు.

ఊరికే ఒక లెక్క వేసి చూద్దాం, అంకెలు ఊహించినవే. పదెకరాల చెరకు చేను, ఖాళీ నేలగా విలువ 10,000 డాలర్లు. ఏటి కౌలు గరిష్ఠంగా 600. పాత పద్ధతిలో బోర్డు తన ఖర్చులకి 25 శాతం, అంటే 150 డాలర్లు పట్టుకునేది. మిగిలిన 450లో 30 శాతం మూడు స్థాయుల్లోని దొరలకి, అంటే 135. మామూలు సభ్యులకి మిగిలేది 315. ఆ మతంగాలిలో 60 మంది ఉన్నారనుకోండి, మనిషికి ఏడాదికి అయిదు డాలర్ల పాతిక సెంట్లు.

ఆ మూలవాసి కుర్రాడి వైపు నుంచి చూడండి. తన తాతల నేల మీద ఎవరో చెరకు పండించి పిల్లలను డాక్టర్లు చేస్తున్నారు, తనకేమో అయిదు డాలర్లు. ఇప్పుడు రైతు వైపు రండి. 30 ఏళ్లు రాళ్లేరి, కాలువ తవ్వి, ఇల్లు కట్టుకున్నాడు. గడువు తీరాక పొడిగిస్తారన్న భరోసా లేదు. ఇద్దరి కడుపుమంటా న్యాయమైనదే. మధ్యలో పోయిన 285 డాలర్ల గురించి మాత్రం ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోలేదు. దొరల వాటా తీసేసి సభ్యులందరికీ సమానంగా పంచే మార్పు రావడానికి 2010 తర్వాతి దాకా పట్టింది.

1997 నుంచి ఈ కౌళ్లు వరసగా తీరిపోసాగాయి. వేల కుటుంబాలు చేలు వదిలి సువా చుట్టుపక్కల గుడిసెలకు చేరాయి. 1990ల మధ్యలో ఏటా 40 లక్షల టన్నులకు చేరిన చెరకు, ఈమధ్య 20 లక్షల టన్నులు కూడా దాటడం లేదు. యూరప్ ఇచ్చే ఎక్కువ ధర ఆగిపోవడం, పాతబడ్డ మిల్లులు కూడా దీనికి కారణమే. నెపమంతా కౌలు మీదే వేయడం సరికాదు.

ఒక్కో ఓటరుకు నాలుగు ఓట్లు

ఫిజీలో ఓటు మొదటినుంచీ రంగును బట్టే. భారతీయులు మొదటిసారి ముగ్గురు సభ్యులను ఎన్నుకున్నది 1929లో. ఆ ముగ్గురూ అందరికీ ఒకే ఓటర్ల జాబితా ఉండాలని పట్టుబట్టి, కాదనేసరికి బయటికొచ్చేశారు. 1937లో శాసన మండలిలో యూరోపియన్లకు 5, మూలవాసులకు 5, భారతీయులకు 5 సీట్లిచ్చారు. సమానత్వంలాగే కనిపిస్తుంది. అప్పటికి మూలవాసులు 97 వేలు, భారతీయులు 85 వేలు, యూరోపియన్లు సుమారు 4 వేలు. మూలవాసులకైతే నేరుగా ఓటు వేసే హక్కు 1963 దాకా రాలేదు, వాళ్ల సభ్యులను దొరలే పంపేవారు.

1946 జనాభా లెక్కల్లో భారతీయులు 1,20,414, మూలవాసులు 1,18,070 అని తేలింది. తేడా రెండు వేల పైచిలుకే. కానీ మూలవాసుల గుండెల్లో రాయి పడింది. అప్పటినుంచి ఉమ్మడి జాబితా అన్న మాట ఒక వైపు ప్రజాస్వామ్యంగానూ, ఇంకో వైపు దేశాన్ని అప్పగించడంగానూ వినబడింది. జాబితా ఒకటైతే నాయకులు అన్ని వర్గాల గుమ్మాలూ ఎక్కాల్సి వస్తుంది, జాతి రాజకీయం దానంతటదే చల్లారుతుంది అని భారతీయులు ఎక్కువగా ఉన్న నేషనల్ ఫెడరేషన్ పార్టీ నాయకుడు ఎ.డి. పటేల్ వాదన. తక్కువమందిగా మిగిలిన మూలవాసులకు నేల తప్ప వేరే దేశం లేదు, భద్రత ముందు, ఉమ్మడి జాబితా తర్వాత అని మూలవాసుల నాయకుడు రాతు కమిసేసే మారా వాదన.

1970 అక్టోబర్ 10న స్వాతంత్ర్యం వచ్చినప్పుడు కుదిరిన రాజీ ఇది: మొత్తం 52 సీట్లు, మూలవాసులకు 22, భారతీయులకు 22, జనరల్‌కు 8. నాండీలో ఒక భారతీయ టీచరమ్మ ఓటు వేయడానికి వెళ్లిందనుకోండి. ఆమెకు నాలుగు ఓట్లు. ఒకటి భారతీయులు మాత్రమే ఓటేసే సీటుకు. మిగతా మూడు అన్ని వర్గాలూ కలిసి ఓటేసే ‘జాతీయ’ సీట్లకు, కానీ అక్కడా ఒక మూలవాసినీ, ఒక భారతీయుణ్ణీ, ఒక జనరల్ అభ్యర్థినీ విడివిడిగా ఎన్నుకోవాలి. ఎవరికి ఓటు వేసినా అభ్యర్థి జాతి ముందే రాసిపెట్టి ఉంటుంది. రోడ్డు గురించో, మిల్లు ధర గురించో కోపమొచ్చి ఓటు వేసినా, లెక్కింపులో అది జాతి ఓటుగానే బయటికొస్తుంది.

మారా 1987 దాకా ప్రధానిగా నడిపాడు. మధ్యలో 1977 ఏప్రిల్‌లో ఫెడరేషన్ పార్టీకి 52లో 26 సీట్లొచ్చాయి. నాయకత్వం ఎవరిదో వాళ్లలో వాళ్లు తేల్చుకోలేక తన్నుకుంటుండగా గవర్నర్ జనరల్ మారానే మళ్లీ పిలిచాడు.

కుట్రలు ఎవరి మీద?

1987లో 52కి 28 సీట్లతో గెలిచిన కూటమి ప్రధాని తిమోతి బవాంద్రా. ఆయన డాక్టరు, పశ్చిమ వీతి లెవులోని విసేసేయి ఊరి మూలవాసి. సభ్యుల్లో భారతీయులు ఎక్కువన్నది నిజం, నేలకు ముప్పు అన్న భయం జనంలో ఉన్నదీ నిజం. రబుకా చెప్పిన కారణం అదే. దీనికి ఇంకో వివరణ ఉంది: తరాలుగా అధికారం తూర్పు దీవుల దొర కుటుంబాలది, చెరకూ సంపదా పండేది పశ్చిమాన. దొర కాని పశ్చిమవాడు ప్రధాని కావడం వాళ్లకు మింగుడుపడలేదు. రెండు వివరణలూ ఒకదాన్నొకటి కొట్టేయవు. జాతి భయం లేకపోతే వీధుల్లోకి జనం వచ్చేవారు కాదు, దొరల లెక్కలు లేకపోతే ఆ భయానికి అంత గొంతు వచ్చేది కాదు.

సెప్టెంబర్‌లో రెండో కుట్ర, అక్టోబర్‌లో గణతంత్ర ప్రకటన. 1990 రాజ్యాంగం 70 సీట్లలో 37 మూలవాసులకు కట్టబెట్టి, ప్రధాని పదవినీ వాళ్లకే రాసిచ్చింది. డాక్టర్లు, టీచర్లు, లెక్కల గుమాస్తాలు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, కెనడా దారి పట్టారు. 1986లో 3,48,704 ఉన్న భారతీయులు 2007 నాటికి 3,13,801కి తగ్గారు. అదే కాలంలో మూలవాసులు 3,29,305 నుంచి 4,75,739కి పెరిగారు. కుట్రకు కారణంగా చెప్పిన జనాభా భయం ఇరవై ఏళ్లలో లెక్కల్లోంచి మాయమైపోయింది.

ఆ తర్వాత జరిగిందే నాకు ఈ మొత్తం కథలో ఎక్కువ ఆసక్తి కలిగించే ఘట్టం. 1992లో ఎన్నికల్లో గెలిచి ప్రధాని అయిన రబుకా, ప్రతిపక్ష నాయకుడు జై రామ్ రెడ్డితో కూర్చుని 1997 రాజ్యాంగానికి ఒప్పుకున్నాడు. దక్షిణాది మూలాలున్న ఈ రెడ్డి, దొరల మహాసభలో ప్రసంగించిన మొదటి ఇండో–ఫిజియన్ నాయకుడు. 71 సీట్లలో 25 ఏ జాతివాళ్లయినా పోటీ చేయగల సీట్లయ్యాయి. 1999 ఎన్నికల్లో జనం ఇచ్చిన తీర్పు? రెడ్డి పార్టీకి సున్నా. రబుకా పార్టీకి 8. 37 సీట్లతో లేబర్ పార్టీ మహేంద్ర చౌదరి మొదటి ఇండో–ఫిజియన్ ప్రధాని అయ్యాడు. రాజీ చేసుకున్న ఇద్దరినీ వాళ్ల వాళ్ల జనమే ఇంటికి పంపారు.

సరిగ్గా ఏడాదికి, 2000 మే 19న, జార్జ్ స్పైట్ అనే వ్యాపారి ఆయుధాలతో పార్లమెంటులోకి వెళ్లి చౌదరి ప్రభుత్వాన్ని 56 రోజులు బందీగా పట్టుకున్నాడు. మూలవాసుల హక్కుల పేరుతో వచ్చిన ఈ స్పైట్ మిశ్రమ సంతతివాడు. ఆ గందరగోళంలో పదవి పోగొట్టుకున్న అధ్యక్షుడు మరెవరో కాదు, మారాయే. అదే ఏడాది నవంబర్‌లో సైన్యంలో తిరుగుబాటు జరిగి, సైన్యాధిపతి ఫ్రాంక్ బైనిమరామ త్రుటిలో ప్రాణాలతో బయటపడ్డాడు. 2006 డిసెంబర్ 5న ప్రధాని లైసేనియా కరాసేని దించేసింది ఈ బైనిమరామే. 2000 నాటి కుట్రదారులను క్షమించే బిల్లు తెస్తున్నారన్నది అతను చూపిన కారణాల్లో ముఖ్యమైనది. అంటే ఈసారి కుట్ర జాతి రాజకీయానికి వ్యతిరేకంగా అని చెప్పి జరిగింది. మూలవాసుల చేతుల్లోనే ఉన్న సైన్యం, మూలవాసి ప్రధానిని దించింది.

ఒకే పేరు, రెండు అర్థాలు

బైనిమరామ 2012లో దొరల మహాసభను రద్దు చేశాడు. యశ్ ఘాయ్ నాయకత్వంలోని కమిషన్ రాసిచ్చిన రాజ్యాంగ ముసాయిదాను పక్కన పెట్టి తన ప్రభుత్వం రాయించినదాన్ని 2013లో అమల్లోకి తెచ్చాడు. జాతి సీట్లు పోయాయి. దేశమంతా ఒకే నియోజకవర్గం, మనిషికి ఒకే ఓటు, సీటు రావాలంటే పార్టీకి కనీసం 5 శాతం. 1929లో ముగ్గురు సభ్యులు అడిగిన ఉమ్మడి జాబితా ఎనభై నాలుగేళ్లకు వచ్చింది, అదీ తుపాకీ చేతిలోంచి.

దాంతోపాటే వచ్చింది పేరు. ఆ రాజ్యాంగం ప్రకారం పౌరులందరూ ఫిజియన్లే. అంతకుముందు ఆ మాట మూలవాసులకే, మిగతావాళ్లు ఇండియన్, చైనీస్, యూరోపియన్. నాలుగు తరాలుగా అక్కడే పుట్టి పెరిగినవాడి పాస్‌పోర్టు ఫిజీది, ఫారంలో జాతి గడిలో మాత్రం ఇండియన్. అతనికి కొత్త పేరు పెద్ద ఊరట. చాలామంది మూలవాసులకు అది తమ ఇంటిపేరును అడగకుండా పంచిపెట్టినట్టుంది. ఇతౌకేయి అన్న మాట ఉంది కదా అంటే, అది మేం పెట్టుకున్న పేరు కాదు, ప్రభుత్వం రుద్దింది అని వాళ్ల జవాబు.

2022 ఎన్నికల్లో 55 సీట్లలో బైనిమరామ పార్టీకి 26, రబుకా పార్టీకి 21, ఫెడరేషన్ పార్టీకి 5, సోడెల్పా అనే మరో పార్టీకి 3 వచ్చాయి. 28–27 ఓట్ల తేడాతో రబుకా ప్రధాని అయ్యాడు. ఒకప్పుడు ఉమ్మడి జాబితా కోసం పోరాడిన ఫెడరేషన్ పార్టీ మద్దతు లేకపోతే ఆయన నిలిచేవాడు కాదు. 2023లో మే నెలలో గిర్మిట్ దినానికి సెలవు ఇచ్చారు, అదే నెలలో దొరల మహాసభనూ తిరిగి తెరిచారు.

రాజ్యాంగం మార్చాలన్న చర్చ ఇప్పటికీ నడుస్తోంది. 2013 రాజ్యాంగంలో రాసినదాని ప్రకారం సవరణకు సభ్యుల్లో 75 శాతం, ఆపైన ఓటర్లలో 75 శాతం ఒప్పుకోవాలి. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ గీతను మూడింట రెండొంతుల సభ్యులకూ, రిఫరెండంలో సాధారణ మెజారిటీకీ దించింది. ఆ తలుపు తెరుచుకున్నాక ముందుగా లోపలికొచ్చే ప్రశ్నల్లో ‘ఫిజియన్’ అన్న మాట ఒకటి. కాగితం మీద అది అందరిదీ. సువా బస్టాండులోనైతే జనం ఇప్పటికీ ఒకరిని చూపించి ఫిజియన్ అనీ, పక్కవాణ్ణి చూపించి ఇండియన్ అనీ అంటారు.